పాత కంప్యూటర్లకు లైనక్స్: ముందు చిప్ నంబర్లు చూడండి, డిస్ట్రో సంగతి తర్వాత

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో మూడు పాత మిషన్లున్నాయి. ఒకటి జీ31 బోర్డు, కోర్ 2 డ్యుయో ఈ7500, 2 జీబీ డీడీఆర్2 ఉన్న డెస్క్‌టాప్. రెండోది ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్ ఉన్న నెట్‌బుక్. మూడోది 2013 నాటి మూడో తరం ఐ3 ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, బ్రాడ్‌కామ్ వైఫై. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి మూడింటికీ సరిపోయే ఒక్క లైనక్స్ పేరు చెప్పమన్నారు.

మూడింటికీ ఒక్కటే కుదరదండి. డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న రకం) వేసుకోండి, దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. నెట్‌బుక్‌కు మాత్రం 32 బిట్ డెబియన్ 12 గానీ, 32 బిట్ యాంటీఎక్స్ 23 గానీ వేయాలి. ఎందుకో వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే రేపు నాలుగో మిషన్ చేతికొచ్చినా ఎవరినీ అడగనక్కర్లేదు.

మీ ఎన్270 వచ్చింది 2008లో, ఈ7500 వచ్చింది 2009లో. ఇంచుమించు ఒక ఈడువే. అయినా ఒకదానికి ఇవాళ్టి ఏ మామూలు డిస్ట్రో (లైనక్స్ రకం) అయినా ఎక్కుతుంది, రెండోదానికి వెతుక్కోవాలి. ఎన్270 కేవలం 32 బిట్ ప్రాసెసర్, ఈ7500 64 బిట్‌ది. అందుకే "ఎన్నేళ్ల పాతది" అన్న ప్రశ్నతో ఏమీ తేలదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, వైఫై చిప్ అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. మిగతావి, అంటే సౌండ్, ల్యాన్, యూఎస్‌బీ, కీబోర్డు, నూటికి తొంభై మిషన్లలో వాటంతట అవే పనిచేస్తాయి.

ప్రాసెసర్‌తో మొదలుపెడదాం. మిషన్‌లో 32 బిట్ విండోస్ 7 ఉంది కాబట్టి ప్రాసెసర్ కూడా 32 బిట్టే అనుకోకండి. 64 బిట్ ప్రాసెసర్ల మీద 32 బిట్ విండోస్ వేసి అమ్మిన మిషన్లు మన దగ్గర లెక్కలేనన్ని. విండోస్‌లో ఉండగానే సీపీయూ-జెడ్ తెరిచి ఇన్‌స్ట్రక్షన్స్ వరుసలో ఈఎం64టీ ఉందేమో చూడండి. లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్క్‌లో వేయకుండానే నడిచేది) తెరిస్తే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి, రెండో మూడో వరుసలోనే 32 బిట్, 64 బిట్ రెండూ నడుస్తాయో లేదో కనిపిస్తుంది. పేర్లు చూసి కూడా మోసపోవచ్చు: కోర్ డ్యుయో 32 బిట్, కోర్ 2 డ్యుయో 64 బిట్. మధ్యలో ఆ ఒక్క "2" అంకెతో కథంతా మారిపోతుంది.

64 బిట్ అని తేలాక కూడా ఒక మెలిక ఉంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9, దాని మీద కట్టిన డిస్ట్రోలు ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల సమితి ఉన్న ప్రాసెసర్‌ను కోరతాయి. ఈ7500లో ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే ఉంది, కాబట్టి అవి ఈ డెస్క్‌టాప్‌లో నడవవు. డెబియన్, ఉబుంటు, మింట్‌లకు ఆ షరతు లేదు. ఇక పెంటియమ్ ఎమ్ రోజుల ల్యాప్‌టాప్ ఎప్పుడైనా తగిలితే, తొలితరం వాటిలో పీఏఈ (32 బిట్ ప్రాసెసర్ 4 జీబీ మించిన ర్యామ్ వాడుకునే) సదుపాయం ఉన్నా ప్రాసెసర్ ఆ సంగతి బయటికి చెప్పదు. "మీ ప్రాసెసర్‌లో పీఏఈ లేదు" అని బూట్ దగ్గరే ఆగిపోతే బూట్ వరుస చివర ఫోర్స్‌పీఏఈ అని చేర్చండి, లేదా డెబియన్ 12లో పీఏఈ అక్కర్లేని 686 కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) కూడా ఉంది, అది వాడండి.

32 బిట్ మిషన్ల దారి ఇప్పుడు బాగా ఇరుకైపోయింది. ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఇమేజ్ ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, 32 బిట్ కెర్నల్ కూడా లేదు. ఆ సంచికలో మిగిలిన 32 బిట్ ప్యాకేజీలు 64 బిట్ మిషన్ మీద పాత ప్రోగ్రాములు నడుపుకోవడానికే. అందుకే నెట్‌బుక్‌లో డెబియన్ 12 వేశాక, ఎక్కడో చదివి, ప్యాకేజీలు ఎక్కడినుంచి రావాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్‌లో బుక్‌వర్మ్ (డెబియన్ 12) పేరు తీసేసి ట్రిక్సీ (డెబియన్ 13) పేరు రాసి అప్‌గ్రేడ్ కొట్టొద్దు. సిస్టమ్ సగంలో విరిగిపోతుంది. డెబియన్ 12 దీర్ఘకాల మద్దతు గడువు 2028 జూన్. అది దాటాక ఆ నెట్‌బుక్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా టైపింగ్‌కో పాటలకో వాడుకోండి.

ఇప్పుడు గ్రాఫిక్స్. ఇంటెల్ ఆన్‌బోర్డు గ్రాఫిక్స్ అయితే సాధారణంగా నిశ్చింత, ఎందుకంటే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. మీ జీ31లోని జీఎంఏ 3100, నెట్‌బుక్‌లోని 945జీఎస్‌ఈ రెండూ ఒకే పాత కుటుంబానివి. తెర సరైన రిజల్యూషన్‌లో వస్తుంది, మామూలు పనులకు చాలు. కానీ నీడలు, పారదర్శకత, యానిమేషన్లు చేసే డెస్క్‌టాప్‌లు వీటికి బరువు. అందుకే గ్నోమ్, సినమన్ లాంటి బరువైన డెస్క్‌టాప్‌లు కాకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ చెప్పాను. దానిలోనూ విండో మేనేజర్ ట్వీక్స్‌లోకి వెళ్లి కంపోజిటింగ్ టిక్ తీసేయండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంటెల్ అన్న పేరు చూసి ధైర్యపడకూడని చోటు కూడా ఒకటుంది. ఆటమ్ జెడ్520, జెడ్530లతో వచ్చిన జీఎంఏ 500, ఆటమ్ ఎన్2600, ఎన్2800లతో వచ్చిన జీఎంఏ 3600 రకాలు ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ కావు, లోపల ఉన్నది పవర్‌వీఆర్ అనే వేరే సంస్థ డిజైన్. లైనక్స్‌లో ఉన్న డ్రైవర్ తెర చూపిస్తుంది గానీ వేగాన్నివ్వదు. విండో జరిపితే గీతలు గీతలుగా లాగుతుంది. ఎన్2600 మీ ఎన్270 కన్నా మూడేళ్లు కొత్తది, లైనక్స్‌కు దానికన్నా అధ్వాన్నం. సెకండ్‌హ్యాండ్‌లో నెట్‌బుక్ కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. పాత సిస్ మిరాజ్ గ్రాఫిక్స్ ఉన్న చవక బోర్డులదీ ఇదే దారి, వాటిని వదిలేయడమే మంచిది.

డెస్క్‌టాప్‌లో విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు ఏదైనా ఉంటే దాన్నీ చూడండి. జీఫోర్స్ 8400 జీఎస్, జీ210 లాంటి వాటికి ఎన్విడియా ఇచ్చిన 340 వరుస డ్రైవర్‌కు మద్దతు 2019తో ఆగింది, కొత్త కెర్నల్‌లతో అది కంపైల్ కాదు. ఇంటర్నెట్‌లో దొరికే పాత సూచనలు పట్టుకుని దాన్ని బలవంతంగా ఎక్కిస్తే తర్వాతి బూట్‌లో నల్ల తెర మిగులుతుంది. కెర్నల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌నే ఉండనివ్వండి. దానితోనూ బిగుసుకుపోతుంటే కార్డు పీకేసి ఆన్‌బోర్డు గ్రాఫిక్స్‌కు కేబుల్ పెట్టండి, జీ31కి అదే మేలు. రేడియాన్ హెచ్‌డీ 5450 లాంటి కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైళ్లు (చిప్‌లోకి ఎక్కించాల్సిన చిన్న ప్రోగ్రాములు) తప్పనిసరి. డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌లోనే కలిసి వస్తున్నాయి. అంతకు ముందు సంచికలైతే విడిగా వేసుకోవాలి.

డెస్క్‌టాప్ మానిటర్ మీద 1024×768 మించి రావడం లేదంటే వెంటనే డ్రైవర్‌ను తప్పుపట్టకండి, ముందు వీజీఏ కేబుల్ మార్చి చూడండి. మానిటర్ తన రిజల్యూషన్‌ను 12, 15వ పిన్నుల గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. కొన్ని చవక కేబుళ్లలో ఆ తీగలు ఉండవు. పాత మానిటర్లను లైనక్స్ గుర్తించడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ కేబులే.

అన్నింటికన్నా ఎక్కువ మందిని ఏడిపించేది వైఫై. మీ ల్యాప్‌టాప్ విషయంలో "బ్రాడ్‌కామ్" అన్నంత మాత్రాన సరిపోదు, ఏ బ్రాడ్‌కామో తెలియాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పక్కన ఎన్‌ఎన్‌కే అక్షరాలు కొట్టండి, అన్నీ చిన్న అక్షరాల్లో. నెట్‌వర్క్ కంట్రోలర్ వరుస చివర చదరపు బ్రాకెట్లలో రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది 14ఇ4 అయితే బ్రాడ్‌కామ్, రెండోది చిప్ నంబర్. దాని కింద ఏ డ్రైవర్ వాడుకలో ఉందో కూడా రాసి ఉంటుంది. ఆ వరుస లేదంటే డ్రైవర్ పట్టుకోలేదని అర్థం.

చిప్ నంబర్ 4315 అయితే అది బీసీఎం4312. దానికి బీ43 అనే స్వేచ్ఛా డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ మాత్రం బీ43 ఇన్‌స్టాలర్ ప్యాకేజీ ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. 4727 అయితే బీసీఎం4313, కెర్నల్‌లోని బీఆర్‌సీఎం-ఎస్‌మ్యాక్ డ్రైవర్ దాన్ని నడిపిస్తుంది. 4365 అయితే బీసీఎం43142. మీ కాలం నాటి ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపించేది ఇదే. దీనికి స్వేచ్ఛా డ్రైవర్ లేదు, బ్రాడ్‌కామ్ ఇచ్చిన డబ్ల్యూఎల్ డ్రైవర్ ఒక్కటే గతి.

వైఫై డ్రైవర్ దించుకోవడానికి వైఫై కావాలి కదా అని అందరూ ఆగిపోయేది ఇక్కడే. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కు అది ల్యాన్ కార్డులా కనిపిస్తుంది, ఏ డ్రైవరూ అడగదు, పది సెకన్లలో నెట్ వస్తుంది. ఫోన్‌లో ఉన్నది డేటా అయినా ఇంటి వైఫై అయినా ఫర్వాలేదు. ఆ తర్వాత మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ కనిపిస్తుంది, ఎంచుకుని అప్లై కొట్టడమే. డెబియన్‌లో అయితే సోర్సెస్‌లో నాన్-ఫ్రీ విభాగం చేర్చి, ముందు మీ కెర్నల్‌కు సరిపోయే లైనక్స్ హెడర్స్ ప్యాకేజీ, ఆ తర్వాత బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ ప్యాకేజీ వేయాలి. హెడర్స్ లేకపోతే ప్యాకేజీ ఎక్కినట్టే ఎక్కుతుంది గానీ డ్రైవర్ తయారవదు.

ఈ డ్రైవర్‌తో వచ్చే ఇబ్బందులు మూడు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, మీ మిషన్ మీద తయారైన ఈ డ్రైవర్‌కు సంతకం ఉండదు కాబట్టి కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయండి. లేదా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగిన పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని, తర్వాతి బూట్‌లో వచ్చే నీలి తెర మీద కీ ఎన్‌రోల్ చేయండి. చాలామంది ఆ నీలి తెరను చూసి భయపడి కంటిన్యూ నొక్కేస్తారు, అందుకే పని జరగదు. రెండోది: ఆ డ్రైవర్ మూల సంచికను బ్రాడ్‌కామ్ 2015 తర్వాత ముట్టుకోలేదు, డిస్ట్రోలే అతుకులు వేసుకుంటూ నడిపిస్తున్నాయి. కాబట్టి కెర్నల్ మారినప్పుడల్లా వైఫై పోయే అవకాశం ఉంది. పోతే కంగారు లేకుండా బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో తెరవండి. కొత్తది కుదిరిందని తేలేవరకు పాతదాన్ని తీసేయొద్దు. మూడోది అంతగా ఎవరూ చెప్పరు: ఈ ప్యాకేజీ తనతో పడని ఎస్‌ఎస్‌బీ అనే మాడ్యూల్‌ను (కెర్నల్‌లోని డ్రైవర్ ముక్క) అడ్డుకుంటుంది. ఇంకా పాత ల్యాప్‌టాప్‌లలో ల్యాన్ కూడా బ్రాడ్‌కామ్ 44 వరుసదే అయితే, ఆ ల్యాన్ డ్రైవర్ ఎస్‌ఎస్‌బీ మీదే ఆధారపడుతుంది. వైఫై వచ్చింది, ల్యాన్ పోయింది అంటే కారణం ఇదే.

నా సలహా అడిగితే, మూడు నెలలకోసారి ఈ తంటా పడేకన్నా కార్డు మార్చేయండి. ఎథరోస్ ఏఆర్9485 హాఫ్ మినీ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. దాని ఏటీహెచ్9కే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా అక్కర్లేదు. కాకపోతే కొనేముందు మీ మోడల్ బయాస్‌లో వైట్‌లిస్ట్ ఉందేమో కనుక్కోండి. ఉంటే, తనకు తెలియని వైఫై కార్డు కనిపించగానే మిషన్ బూట్ అవకుండా ఆగిపోతుంది. కార్డు తీసేటప్పుడు యాంటెన్నా తీగలను పక్కకు లాగకండి, గోటితో నిలువుగా పైకి లేపాలి, ఆ బటన్‌లు చాలా సున్నితం. డెస్క్‌టాప్‌కు ల్యాన్ తీగ ఉంటే వైఫై గొడవే వద్దు.

రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ ఉన్న ల్యాప్‌టాప్‌లలో రూటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ రాకపోవడం మరో పేరుమోసిన సమస్య. లోపల రెండు యాంటెన్నా కొక్కేల్లో ఒక్కదానికే తీగ ఉంటుంది, డ్రైవర్ ఖాళీగా ఉన్నదాన్ని వింటుంటుంది. మాడ్యూల్ ఆప్షన్‌లలో ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్‌ఈఎల్ విలువను 1గా, కుదరకపోతే 2గా పెట్టి రీస్టార్ట్ చేయండి.

ర్యామ్, డిస్క్ సంగతులు. జీ31 చిప్‌సెట్ 4 జీబీ మించి తీసుకోదు, బోర్డు మీద సాధారణంగా రెండు స్లాట్‌లే. కాబట్టి 2 జీబీ డీడీఆర్2 800 రెండు తీసుకోండి. చవగ్గా దొరికే 4 జీబీ డీడీఆర్2 ముక్కలు ఏఎండీ బోర్డులకే పనికొచ్చే రకం, ఇంటెల్ బోర్డులో పెడితే బీప్‌లు కొడుతుంది. నెట్‌బుక్‌లో ఒకే స్లాట్, 2 జీబీ వరకు. ల్యాప్‌టాప్‌కు డీడీఆర్3ఎల్ (1.35 వోల్ట్‌ల రకం) తీసుకోండి. మూడో తరానికి 1.5 వోల్ట్‌ల మామూలు డీడీఆర్3 కూడా నడుస్తుంది గానీ, నాలుగో తరం ల్యాప్‌టాప్‌కు 1.35 వోల్ట్‌లదే కావాలి కాబట్టి రేపటికీ అదే పనికొస్తుంది.

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. జీ31 బోర్డులో ఉండే ఐసీహెచ్7 చిప్‌లో డిస్కులను నడిపే కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ మోడ్ ఉండదు, పాత ఐడీఈ మోడ్‌లోనే నడుస్తుంది. ఫర్వాలేదు, అలాగైనా పాత హార్డ్‌డిస్క్‌కూ దీనికీ పోలికే ఉండదు. పాత డిస్కే ఉంచుతానంటే ముందు స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) చూడండి. పెండింగ్ సెక్టార్ల సంఖ్య సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద ఏదీ వేయొద్దు. ఇన్‌స్టాలర్ 70 శాతం దగ్గర ఆగిపోయి లైనక్స్ బాగోలేదనిపించేది అలాంటి డిస్కుల వల్లే.

పని మొదలుపెట్టే ముందు మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే ప్రతి బూట్‌కూ తేదీ ఎప్పటిదో పాతకాలానికి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు, అప్‌డేట్ కొడితే విడుదల ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఎర్రర్ వస్తుంది. తెలియనివాళ్లు సర్వర్లు మార్చుకుంటూ రోజంతా గడిపేస్తారు. కేసు తెరిచారు కాబట్టి ప్రాసెసర్ చుట్టూ కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా ఒకసారి చూడండి, దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ కొత్తది రాయండి. మధ్యమధ్యలో వాటంతట అవే ఆగిపోయే పాత మిషన్లలో తప్పు ఎక్కువగా వీటిదే.

పెన్‌డ్రైవ్ తయారీలో రూఫస్ అనే విండోస్ ప్రోగ్రాం వాడితే, అడిగినప్పుడు డీడీ ఇమేజ్ మోడ్ ఎంచుకోండి. పాత బయాస్‌లు పెన్‌డ్రైవ్‌ను రిమూవబుల్ జాబితాలో చూపించకపోవచ్చు. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచి బయాస్‌లోకి వెళ్లి హార్డ్‌డిస్క్ బూట్ ప్రయారిటీలో చూడండి, అక్కడ కనిపిస్తుంది, దాన్ని పైకి జరపండి. నెట్‌బుక్‌లో తెర ఎత్తు 600 పిక్సెళ్లే కాబట్టి కొన్ని విండోల కింది బటన్‌లు కనిపించవు. ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోను మౌస్‌తో పైకి లాగండి.

లైవ్‌లో ఉండగా తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కకండి. ఒక అరగంట కేటాయించి సౌండ్, హెడ్‌ఫోన్, కెమెరా, వెలుతురు తగ్గించే మీటలు, టచ్‌ప్యాడ్ చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచి, నిద్రలోంచి సరిగ్గా లేస్తోందా అని కనీసం నాలుగైదుసార్లు పరీక్షించండి, ఒక్కసారి లేచిందంటే చాలదు. తెర నల్లగా వస్తే బూట్ వరుసలో నోమోడ్‌సెట్ చేర్చి లోపలికి వెళ్లవచ్చు, కానీ అది చిక్కు ఎక్కడుందో కనుక్కోవడానికే. అలాగే వదిలేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ లేకుండా నడుస్తుంది, ప్రతిదీ ఈడుస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మూడింటిలోనూ జీర్యామ్ పెట్టండి. డెబియన్, మింట్‌లలో జీర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, దాని సెట్టింగ్ ఫైల్‌లో పర్సెంట్ విలువ 50 పెడితే చాలు. డిస్క్ మీది స్వాప్ దగ్గరికి పోకముందే ర్యామ్‌లోనే కుదించి దాచుకుంటుంది. వీడియోల విషయంలో ఆశలు కొలతలో పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లోని మూడో తరం గ్రాఫిక్స్ హెచ్.264 వీడియోను స్వయంగా విప్పగలదు, కానీ అందుకు పాత ఐ965 వీఏ డ్రైవర్ కావాలి. ఇంటెల్ మీడియా డ్రైవర్ అనే కొత్తది ఐదో తరం నుంచే పనిచేస్తుంది. యూట్యూబ్ మామూలుగా వీపీ9, ఏవీ1 అనే వీడియో పద్ధతుల్లో పంపుతుంది, వాటిని ఈ చిప్ విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఇఫై ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్.264నే పంపుతుంది. డెస్క్‌టాప్‌కు ఆ సదుపాయం లేకపోయినా ఈ7500 ప్రాసెసర్ 720పీ హెచ్.264ను తనే లాగేస్తుంది. నెట్‌బుక్‌లో 360పీతో సరిపెట్టుకోవాలి.

తెలుగు టైపింగ్ సంగతి. నెట్‌బుక్ లాంటి 1 జీబీ మిషన్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం అక్కర్లేదు. కీబోర్డు లేఅవుట్‌లలో ఇండియన్ తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో నేరుగా టైప్ చేయొచ్చు, ర్యామ్ ఏమీ తినదు. ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటైనవాళ్లు మిగతా రెండింట్లో ఐబస్, ఎం17ఎన్ వేసుకోండి. ఫాంట్లకు ఫాంట్స్-టెలు ప్యాకేజీ సరిపోతుంది. అను స్క్రిప్ట్‌తో డీటీపీ పనో, ట్యాలీతో లెక్కలో ఉన్న మిషన్ అయితే మాత్రం మార్చకండి. అవి విండోస్ కోసం రాసినవి, వేరే దారుల్లో నడపబోయి పని పాడుచేసుకోవద్దు.

ప్రింటర్ గురించి మీరు అడగలేదు గానీ, ఇన్‌స్టాల్ చేసిన మర్నాడే గుర్తొస్తుంది. ఎప్సన్ ఎల్ వరుస ఇంక్‌ట్యాంక్ అయితే ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్ ప్యాకేజీతో సాఫీగా నడుస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే, దానికి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపాలి. హెచ్‌పీలిప్ వేసి, హెచ్‌పీ-ప్లగిన్ కూడా దించుకోండి, రెండింటి సంచిక నంబర్లు ఒకటే కావాలి. ఇక మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 పోస్ట్‌స్క్రిప్ట్ గానీ పీసీఎల్ గానీ అర్థం చేసుకోదు, క్యాప్ట్ అనే కానన్ సొంత భాషే దానికి వచ్చు. కానన్ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ పాతది, 64 బిట్ సిస్టమ్ మీద కూడా 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, ఒక్కో అప్‌డేట్ తర్వాత మొరాయిస్తుంది. మీ దగ్గరున్నది అదే అయితే, ఇన్‌స్టాల్ చేయకముందే లైవ్ పెన్‌డ్రైవ్‌లో దాన్ని సెట్ చేసి ఒక పేజీ తీసి చూడండి. రాకపోతే ఆ డెస్క్‌టాప్‌లో విండోస్ పార్టిషన్‌ను ప్రింట్ల కోసం అలాగే ఉంచి, మిగతా చోటులో కనీసం 40 జీబీ ఇచ్చి మింట్‌ను పక్కన వేసుకోండి. అలా రెండూ ఉంచేటప్పుడు విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే విండోస్ డ్రైవ్‌లు లైనక్స్‌లో చదవడానికే తెరుచుకుంటాయి, ఏమీ రాయనివ్వవు.

ఎల్‌ఎస్‌పీసీఐలో వచ్చిన ల్యాప్‌టాప్ వైఫై నంబర్, ప్రింటర్ మోడల్ రాయండి. ఏ ప్యాకేజీ వేయాలో కచ్చితంగా చెబుతాను.